తిప్పి చూడు

భాయ్ పోయాడని వాట్సాప్‌లో చూశాను. మెల్‌బోర్న్ పడమటి పేటల్లో ఉండే తెలుగువాళ్ళ గ్రూపు అది. చేతులు జోడించిన బొమ్మలు, తెల్లపూల బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. 'వెరీ సాఫ్ట్ నేచర్' అని ఒకరు, 'ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదు' అని ఇంకొకరు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆయన సాఫ్ట్ ఏమిటి? నేను చూసినవాళ్ళలో అంత శ్రద్ధగా, అంత శుభ్రంగా పగ పట్టిన మనిషి ఇంకొకరు లేరు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు కాబట్టి చెబుతున్నాను, ఆయన పగ చాలా మంచి పగ.

నేనూ తక్కువదాన్ని కాదు. ఒంగోల్లో మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, దీనితో పేచీ పెట్టుకోకండి, ఇది మర్చిపోదు అని. భాయ్‌కీ నాకూ జత కుదిరింది అందుకే. ఆయన నాకు ఒక పని అప్పగించి వెళ్ళాడు. ఆ పని అయిపోయింది గనక ఇప్పుడు రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకమంతా వణికిన రోజుల్లో మేమిద్దరం వేరువేరు కంపెనీల్లో ఆస్ట్రేలియాకి వచ్చాం. ఏడాదిని రెండంకెల్లో రాసిన చోటల్లా నాలుగంకెలు చెయ్యడం మా పని. జనవరి ఒకటి తెల్లారింది. లైట్లు వెలిగాయి, ట్రాములు తిరిగాయి, ఏటీఎంలు డబ్బులిచ్చాయి. కూలిపోయినవి మా ఉద్యోగాలే. నేను ఏదో ఒక పని వెతుక్కుంటూ ఫుట్‌స్క్రేలో ఒక వియత్నాం బేకరీ పక్కన మెట్లెక్కాను. పైన చిన్న కంపెనీ. జపాన్ బొమ్మల పుస్తకాలు, అదే మాంగా అంటారు, వాటి హక్కులు తెచ్చుకుని ఇంగ్లీషులో అచ్చు వేస్తారు. ముందు గదిలో పుస్తకాలూ, జపాన్ కార్టూన్ క్యాసెట్లూ అమ్ముతారు. వెనక గదిలో పని. నాకు వాళ్ళ వెబ్‌సైట్ పని ఇచ్చారు.

మెట్ల మీద నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే పైనుంచి ఒక తల వంగి చూసింది. గోరింటాకు పెట్టి ఎర్రగా చేసుకున్న మీసం.

"యా ఊరమ్మా మీది?"

"ఒంగోలండీ."

"మాది కర్నూలు. పక్కనే గదా."

"పక్కన ఎట్టా అవుద్దండీ?"

"ఈడినుంచి చూడు. పక్కనే." అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు భాయ్, నేను ఆయనకి చెల్లెమ్మ.

ఆయన బల్ల మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ చట్రం ఉన్న గుండ్రటి గడ్డం అద్దం ఒకటి ఉండేది. కర్నూలు నుంచి తెచ్చుకున్నాడు. దాన్ని స్టాప్లర్‌కి ఆనించి నిలబెట్టేవాడు. ఆఫీసు కత్తెరతో మీసం కత్తిరించుకునేది అందులోనే, పనిచేసేదీ అందులోనే. ఆయన పనేమిటో చెప్పాలి. జపాన్ పుస్తకం మన పుస్తకాలకి వెనక అట్ట అనుకునే వైపు నుంచి మొదలవుతుంది. బొమ్మల గళ్ళు కుడినుంచి ఎడమకి చదవాలి. తెల్లవాళ్ళకి అది చేతకాదని మా ఓనరు నమ్మకం. అందుకని పేజీ పేజీనీ కంప్యూటర్లో అద్దంలో చూపించినట్టు తిప్పేసి, అప్పుడు బుడగల్లో ఇంగ్లీషు పెట్టేవాళ్ళు. ఆ తిప్పే మనిషి భాయ్. తిప్పినదాన్ని మళ్ళీ గడ్డం అద్దంలో పెట్టి, బొమ్మ గీసినవాడు గీసిన ముఖం ఎలా ఉందో చూసుకునేవాడు. చూసి తిట్టుకునేవాడు.

"తిప్పి చూడు చెల్లెమ్మా," అనేవాడు నన్ను పిలిచి. "ఈడ ఈ పిల్లోడు యా చేత్తో తింటాండాడు?"

"ఎడం చేత్తో."

"అద్దంలో చూడు."

అద్దంలో కుడి చెయ్యి.

"వాళ్ళమ్మ ఇట్ల నేర్పించిందా వానికి? అన్నం ఎడం చేత్తో తినిపిస్తాండా నేను. ఊరంతా కత్తి ఎడం చేత్తో పడతాండారు. ఏం పాపం చేసినానో."

ఒకసారి పుస్తకాలు కొనడానికి వచ్చిన ఒక జపాన్ అమ్మాయి అట్ట చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమైందని భాయ్ గుచ్చి గుచ్చి అడిగాడు. వాళ్ళ బట్టలో ఎడమ చెంగు పైకి రావాలట. కుడి చెంగు పైకి వేసేది శవానికి మాత్రమేనట. బొమ్మ తిప్పడంతో పుస్తకంలో పిల్లా పెద్దా అందరూ పీనుగ బట్ట కట్టుకుని తిరుగుతున్నారు. భాయ్ ఆ రోజు అన్నం సగంలో వదిలేశాడు. వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాడు, బేకరీ ఆమెకి కూడా.

ఆయనకి కుడినుంచి ఎడమ అంటే వింతేమీ కాదు. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు. రెండు వైపుల నుంచీ చదవడం పుట్టుకతో వచ్చింది. వాళ్ళ నాయన కర్నూల్లో బోర్డులు రాసేవాడట. దుకాణాల అద్దం తలుపుల మీద పేర్లు బయటినుంచి రాస్తే వానకి పోతాయని లోపలినుంచి, తిరగేసి రాస్తారు, వీధిలోంచి చూస్తే సరిగ్గా కనబడేలా. భాయ్ చిన్నప్పుడు నాయన పక్కన నిలబడి ఆ తిరగేసిన రాత నేర్చుకున్నాడు. కోపం వచ్చినప్పుడు కాగితం మీద తెలుగు తిరగేసి రాసేవాడు, నేను ఆ అద్దంలో పెట్టి చదువుకుని నవ్వేదాన్ని. ఎక్కువగా ఓనరు మీదే.

ఇక ఓనరు సంగతి. వాడి పేరు రాయను, వాడికి అంత మర్యాద అక్కర్లేదు. మంచివాడిలా ఉంటాడు. గట్టిగా ఒక్క మాట అనడు. 'మేట్' అంటూ భుజం మీద చెయ్యేసి, నవ్వుతూ, ఎదుటివాడి దగ్గర ఉన్నది తీసుకుంటాడు. భాయ్ డబ్బాలో దోసకాయ పప్పు తెచ్చుకుంటే వాసన వస్తోందని, కస్టమర్లు వస్తారని, నవ్వుతూనే వెనక మెట్ల మీద కూర్చుని తినమన్నాడు. అదే వారం జపాన్ నుంచి వచ్చిన అతిథుల ముందు పులిసిన సోయా గింజలు జిగురు సాగుతుంటే నాక్కుంటూ తిని, ఆహా ఏమి సంస్కృతి అన్నాడు. మనం కింద కూర్చుని చేత్తో తింటే కంపు, బొమ్మల్లోవాళ్ళు కింద కూర్చుని తింటే కళ. నేను ఆ రోజు నుంచి నా డబ్బా కూడా మెట్ల మీదికే తీసుకెళ్ళాను. కావాలని రొయ్యల పచ్చడి తెచ్చుకునేదాన్ని.

పిల్లలు మాత్రం మంచివాళ్ళు. శనివారం అయ్యేసరికి ముందు గది నిండిపోయేది. జుట్టుకి నీలం రంగేసిన ఆడపిల్లలు, బ్లేజర్లు వేసుకున్న బడిపిల్లలు, ఫుటీ, అంటే ఇక్కడి ఫుట్‌బాల్, దాని జెర్సీల్లో మొద్దబ్బాయిలు. ఆస్ట్రేలియా యాసలో జపాన్ మాటలు మాట్లాడుకునేవాళ్ళు. ఒకళ్ళకొకళ్ళు నడుం వంచి దండాలు పెట్టుకునేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే బూట్లు గుమ్మం బయట విడిచేవాళ్ళు. ఒక తల్లి వచ్చి, మా పిల్ల మంచం మానేసి నేల మీద పడుకుంటోంది, మీరేం నేర్పుతున్నారు అని పోట్లాడింది. వాళ్ళందరికీ భాయ్ అంటే ప్రాణం. ఆయన్ని 'సెన్సే' అని పిలిచేవాళ్ళు.

"సెన్సే అంటే ఏందమ్మా?"

"పంతులు, భాయ్."

"మా నాయన ఇనింటే బాగుండు," అన్నాడు. ఆయన నాయన ఈయన్ని పంతులు చెయ్యాలనుకున్నాడట.

క్యాసెట్ వేసినప్పుడు భాయ్ పక్కన నిలబడి కర్నూలు తెలుగులో డైలాగులు చెప్పేవాడు. ఇద్దరు వీరులు ఎదురెదురుగా నిలబడి ఎంతసేపటికీ కొట్టుకోకుండా మాట్లాడుకుంటూ ఉంటే, 'కొట్టు నాయనా, బస్సు పోతాది' అనేవాడు. పిల్లలకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పడీ పడీ నవ్వేవాళ్ళు. కానీ పగ కథ వస్తే ఆయన మాట్లాడేవాడు కాదు. తండ్రిని చంపినవాణ్ణి ఏళ్ళ తరబడి వెతికే కుర్రవాడి కథ ఒకటి ఉండేది. అది నిలబడి చూసేవాడు. "వీడు మనోడు," అనేవాడు నాతో.

తిప్పొద్దని ఓనరుతో ఎన్నిసార్లు చెప్పాడో. "మేట్, మనవాళ్ళు వెనకనుంచి చదవరు," అనేవాడు వాడు.

"ఈ ఊళ్ళో మగోళ్ళంతా పేపరు వెనకపేజీ నుంచే గదా చదివేది, ఫుటీ కోసరం," అన్నాడు భాయ్ ఇంగ్లీషులో. గదిలో అందరం నవ్వాం. ఓనరు కూడా నవ్వాడు, భుజం తట్టాడు, తిప్పుతూ ఉండమన్నాడు.

భాయ్ ఊరుకోలేదు. ఒక పుస్తకాన్ని తిప్పకుండా, కుడినుంచి ఎడమకి ఉన్నదున్నట్టు ఇంగ్లీషు పెట్టి, ఆఫీసు ప్రింటర్ మీద తీసి, దారంతో కుట్టాడు. మనవాళ్ళు మొదలనుకునే పేజీలో, నువ్వు వచ్చిన తలుపు తప్పు నాయనా, అటు తిరిగి రా అని రాసి ఒక బాణం గుర్తు వేశాడు. ఆ శనివారం పిల్లల చేతికిచ్చాడు. మొదట తికమకపడ్డారు. ఒకడు తలకిందులుగా కూడా పట్టుకున్నాడు. కాసేపటికి నేల మీద బోర్లా పడుకుని ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు చదువుతున్నారు. నీలం జుట్టు పిల్ల తల ఎత్తి, "సెన్సే, ఇప్పుడు వాళ్ళింటికి వెళ్ళినట్టుంది. ఇదివరకు వాళ్ళే మా ఇంటికి వచ్చినట్టుండేది," అంది. భాయ్ మీసం దువ్వుకున్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి కూతురికి చెప్పాడు, ఈ పుస్తకాలు అసలు వైపు నుంచి చదివించేది మీ అబ్బానే అని. ఆ పిల్ల అప్పటికి చిన్నది. ఆ పుస్తకాలంటే పిచ్చి. బళ్ళో అందరికీ చెప్పుకుంది.

ఓనరు ఆ కుట్టిన పుస్తకం చూశాడు. పిల్లలు దాని కోసం కొట్టుకోవడం కూడా చూశాడు. "ఇంట్రెస్టింగ్," అని తీసుకుపోయాడు.

తరవాత కొన్నాళ్ళకి ఊరి టౌన్‌హాల్లో పెద్ద పండగ లాంటిది జరిగింది. బొమ్మల్లోని వేషాలు వేసుకున్న పిల్లలు హాలంతా నిండిపోయారు. మా కంపెనీ బల్ల వెనక నేనూ, భాయ్. ఆయన కూతుర్ని కూడా తెచ్చాడు. పుస్తకాల అట్టపెట్టె మీద కూర్చోబెట్టాడు. ఓనరు స్టేజి ఎక్కాడు. చేతిలో భాయ్ కుట్టిన పుస్తకం. "ఒకరోజు పొద్దున్నే నిద్రలేచి నన్ను నేను అడిగాను," అన్నాడు. "మనం వీళ్ళ కళని ఎందుకు తిప్పేస్తున్నాం అని. మా ఆఫీసులో అందరూ వద్దన్నారు. నేను వినలేదు." హాలు దద్దరిల్లేలా చప్పట్లు. లేచి నిలబడి కొట్టారు. నీలం జుట్టు పిల్ల మాత్రం వెనక్కి తిరిగి మా బల్ల వైపు చూసింది.

కూతురు కూడా తండ్రి వైపు చూసింది.

"అబ్బా, యూ సెడ్ ఇట్ వాజ్ యువర్ ఐడియా."

భాయ్ నోరు తెరిచాడు. ఇంతలో చప్పట్లు ఇంకా పెద్దవయ్యాయి.

"యూ లైడ్," అంది ఆ పిల్ల. ఏడవలేదు, అరవలేదు. పెట్టె దిగి వెళ్ళి వేరే చోట కూర్చుంది.

నేను స్టేజి మీదికి వెళ్ళబోతే భాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఈడ అరిస్తే మనమే పిచ్చోళ్ళం," అన్నాడు. ఆ రోజంతా పుస్తకాలు అమ్మాడు, చిల్లర సరిగ్గా ఇచ్చాడు. నాకు మాత్రం అర్థమైంది, ఈయన క్యాసెట్లోని ఆ కుర్రవాడిలా ఎటో బయల్దేరాడని.

సోమవారం ఓనరు ఇద్దర్నీ పిలిచి టీ ఇచ్చాడు. ఇకనుంచి తిప్పడం లేదు గనక తిప్పే మనిషి పని కూడా లేదు, మేట్, అర్థం చేసుకుంటావు కదా అన్నాడు. భాయ్ ఆలోచన దొంగిలించి, ఆ ఆలోచనతోనే భాయ్ ఉద్యోగం తీసేశాడు. నేను కుర్చీ తన్నుకుంటూ లేచాను. భాయ్ మాత్రం టీ పూర్తిగా తాగి, కప్పు కడిగి బోర్లించాడు.

వెళ్ళే ముందు ఓనరు ఇంకో పని అడిగాడు, సిగ్గు లేకుండా. కొత్త వరస పుస్తకాలన్నిటి మీదా ఒక గుర్తు కావాలట. బ్రష్షుతో వేసినట్టు, పాతకాలం జపాన్ రాతలా ఉండాలట. 'ఒరిజినల్' అనే అర్థం రావాలట. జపాన్ వాళ్ళనే అడగొచ్చు కదా అన్నాను. వాళ్ళు ఆలస్యం చేస్తారన్నాడు. వాడి బుర్రలో భాయ్ కుడినుంచి చదివే మనిషి, కాబట్టి తూర్పు దేశాల రాతలన్నీ భాయ్‌కి వచ్చు.

"చేసిస్తా," అన్నాడు భాయ్.

ఆఖరి రోజు మధ్యాహ్నం నల్లసిరాతో, వాళ్ళ నాయన బ్రష్షుతో వేశాడు. ఒక్క ఊపులో వేశాడు. మధ్యలో పెద్ద గుండ్రం, రెండు పక్కలా వంకీలు తిరిగిన రెండు గీతలు. చాలా అందంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఓనరుకి కళ్ళు చెదిరాయి. "ఆ గుండ్రం సూర్యుడు కదా," అన్నాడు. "ఇంతకీ దీని అర్థమేంటి?"

"నువ్వేందో అదే రాసినా," అన్నాడు భాయ్ ఇంగ్లీషులో, వాడి కళ్ళలోకి చూస్తూ. "ఎగ్జాక్ట్‌లీ వాట్ యూ ఆర్."

"ది ఒరిజినల్," అని ఓనరు మురిసిపోయాడు. భాయ్ ఔననలేదు, కాదనలేదు.

వాడు అటు వెళ్ళగానే గడ్డం అద్దం నా చేతిలో పెట్టాడు. "తిప్పి చూడు చెల్లెమ్మా."

తిప్పి చూశాను. అద్దంలో చక్కని గుండ్రటి తెలుగు అక్షరాలు, దుకాణం బోర్డు మీద ఉన్నట్టు నిలబడి ఉన్నాయి. సున్నా సూర్యుడిలా ఉంది. *దొంగ.*

నేను నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగాను. ఆయన నవ్వలేదు. "నాకిచ్చిన పని తిప్పడమే గదా. ఆఖరిసారి తిప్పినా," అన్నాడు. తరవాత అద్దాన్ని చేతిరుమాల్లో చుట్టుకుంటూ అన్నాడు, "నేను అబద్ధం చెప్పలా, ఇన్నావు గదా."

"విన్నా భాయ్."

"నా బిడ్డకి ఇప్పుడు చెప్పొద్దు. దానికి నోరాగదు, వాడు చెరిపేస్తాడు. నేను పోయినాక చూపీ."

ఆ గుర్తు పుస్తకాల వెన్నుమీద వచ్చింది, టీషర్టుల మీద వచ్చింది. తెలుగింటి పిల్లలు కూడా ఆ టీషర్టులు వేసుకుని యూనివర్సిటీకి వెళ్ళారు, వాళ్ళ అమ్మలు ఉతికి ఆరేశారు, ఒక్కరూ గుర్తుపట్టలేదు. పీనుగ బట్ట సంగతి చెప్పిన ఆ జపాన్ అమ్మాయి మాత్రం చాలాసేపు చూసి, నాకు చదవడం రావట్లేదే అంది. చాలా పాతది మరి అన్నాడు ఓనరు. ఇంకొన్నాళ్ళకి పేపర్లో వాడి ఫోటో పడింది. ముంజేతి మీద ఆ గుర్తు పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. నేను పేపరు పట్టుకుని భాయ్ ఇంటికి పరిగెత్తాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని అడిగాడు, "పచ్చబొట్టు అంటే సూది గుచ్చుతారు గదా?"

"అవును."

"నొప్పి పుట్టింటాదా?"

"ఎందుకు పుట్టదూ? ముంజేతి లోపలి వైపు."

"మంచిది," అన్నాడు.

ఆ తరవాత ప్రతి రంజాన్‌కీ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. సేమియా గిన్నె చేతికిస్తూ మెల్లిగా అడిగేవాడు, "ఉండాదా ఇంగా?"

"ఉంది భాయ్. మొన్నే ఏదో ఇంటర్వ్యూలో చెయ్యి చూపిస్తున్నాడు."

"ఉండనీ."

ఈ మాట కూతురికి వినబడేది కాదు. ఆ పిల్ల పెద్దదైంది, ఉద్యోగం చేసుకుంటోంది. తండ్రిని బాగా చూసుకునేది, కానీ ఆయన ఏదైనా గొప్ప చెప్పబోతే ఫోన్ తీసి చూసుకునేది. ఆయన మధ్యలో ఆపేసేవాడు. నాకు అది చూస్తే ఓనరు మెడ కొరకాలనిపించేది. ఎన్నిసార్లు చెప్పేద్దామనుకున్నానో, మాట ఇచ్చాను గనక ఆగాను.

భాయ్ పోయిన మూడోరోజు ప్రార్థనకి, జియారత్ అంటారు, టార్నీట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. కారు షెడ్డులో తెల్లదుప్పట్లు పరిచి మగవాళ్ళని కూర్చోబెట్టారు, ఇంట్లో ఆడవాళ్ళం. ఖురాన్ చదవడం అయింది. బగారా అన్నం, దాల్చా వడ్డిస్తున్నారు. అంతలో వాడు వచ్చాడు. కూతురు పెట్టిన పోస్టు చూశాడట. జుట్టు తెల్లబడింది. ముఖం నిండా దుఃఖం పులుముకుని, చేతిలో భాయ్ కుట్టిన ఆ మొదటి పుస్తకం పట్టుకుని వచ్చాడు. అందరూ లేచి దారి ఇచ్చారు. కూతురు ఎదురెళ్ళింది.

"మీ నాన్న నాకు చాలా సాయం చేశాడు," అన్నాడు ఇంగ్లీషులో. "ఈ కుడినుంచి చదివించే ఆలోచన నాకు వచ్చినప్పుడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా పనిచేశాడు."

ఆ పిల్ల తల వంచుకుంది. శవం లేచిన ఇంట్లో, మూడోరోజున, మళ్ళీ అదే దొంగతనం. వాడు చెయ్యి కడుక్కోవాలన్నాడు. షెడ్డుకీ ఇంటికీ మధ్య బట్టలుతికే గది ఉంది, అందులో కుళాయి. కుళాయి పైన గోడకి ఆకుపచ్చ చట్రం అద్దం తగిలించి ఉంది. భాయ్ తగిలించుకున్నదే.

నేను ఆ పిల్ల భుజం పట్టుకుని వెనకాలే తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెట్టాను. వాడు చొక్కా చేతులు మడిచాడు. సబ్బు రుద్దుకుంటున్నాడు.

"అద్దంలో చూడమ్మా," అన్నాను తెలుగులో, మెల్లిగా. "వాడి చెయ్యి."

ఆ పిల్లకి తెలుగు మాట్లాడటం సరిగ్గా రాదు, అర్థమవుతుంది. అక్షరాలు మాత్రం వచ్చు. చలికాలం పొద్దున్నే కారు అద్దం మీద పట్టిన ఆవిరి మీద వేలితో రాసి నేర్పించాడు భాయ్. ఆ పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. పెదాలు కదిలాయి. ముందు అర్థం కాలేదు. నా వైపు చూసింది. "మీ అబ్బా రాసిందే," అన్నాను. "తిప్పి రాశాడు." మళ్ళీ అద్దంలోకి చూసింది. ఈసారి గొంతు బయటికి వచ్చింది.

"దొం...గ."

వాడు తిరిగి, మా చూపు తన చేతి మీదే ఉండటం చూసి వెలిగిపోయాడు. "అలా పలకాలా దాన్ని? ఇన్నేళ్ళలో నాకు పలికి చెప్పినవాళ్ళు లేరు. మళ్ళీ చెప్పు."

"దొంగ," అంది ఆ పిల్ల, కన్ను ఆర్పకుండా.

"డోంగా. డోంగా. బాగుంది."

"అర్థమేంటని చెప్పాడు మా నాన్న?"

"నేనేమిటో అదే రాశానన్నాడు. ఎగ్జాక్ట్‌లీ వాట్ యూ ఆర్ అన్నాడు. అంటే ఒరిజినల్ అని."

ఆ పిల్ల నా వైపు చూసింది. ఆ చూపులో భాయ్ ఉన్నాడు. కుర్చీ తన్నడం నా పద్ధతి, కప్పు కడిగి బోర్లించడం ఆయన పద్ధతి. కూతురికి వచ్చింది ఆయన పద్ధతే. తువ్వాలు తీసి వాడికి అందించింది. మోచెయ్యి పట్టుకుని మర్యాదగా షెడ్డులోకి తీసుకెళ్ళింది.

"అంకుల్స్, మా నాన్న పాత బాస్ ఈయన," అంది ఇంగ్లీషులో. వాడి వైపు తిరిగి, "మీ చేతి మీద ఏముందో వీళ్ళకి చెప్పండి. వీళ్ళకి చాలా నచ్చుతుంది," అంది.

షెడ్డు నిండా కర్నూలువాళ్ళు, నంద్యాలవాళ్ళు, కడపవాళ్ళు. వాడు చొక్కా చెయ్యి ఇంకా పైకి లాగి, ముంజేతి మీద తట్టి, తట్టిన చేత్తో గుండె మీద కూడా తట్టుకున్నాడు.

"డోంగా," అన్నాడు గట్టిగా. "దట్స్ మీ. ఐయామ్ ది ఒరిజినల్ డోంగా."

వడ్డిస్తున్న గరిటెలు ఆగిపోయాయి.

"ఏమంటాండాడు?" అన్నాడు మూలన కూర్చున్న ముసలాయన, భాయ్ మేనమామ వరస.

"దొంగనంటాండాడు మామా. అసలు దొంగ నేనే అంటాండాడు."

ముసలాయన వాణ్ణి కిందినుంచి పైకి చూశాడు. తరవాత పక్కకి జరిగి దుప్పటి మీద చోటు చూపించాడు. "ఒప్పుకున్నాడు గదా. అన్నం పెట్టండి," అన్నాడు.

వాడు కూర్చున్నాడు. స్పూన్ అడిగాడు. వంటింట్లో డబ్బాడు స్పూన్లున్నాయి. లేవని చెప్పాను.

బట్టలుతికే గదిలోకి తిరిగి వెళ్ళేసరికి కూతురు అద్దాన్ని గోడ నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, వాషింగ్ మెషీన్ మీద కూర్చుని ఉంది. తనే అంది, వచ్చీరాని తెలుగులో, అచ్చం కర్నూలు యాసలో.

"అబ్బా అబద్ధం చెప్పలా."

"చెప్పలేదమ్మా. ఎప్పుడూ చెప్పలేదు."

అప్పుడు ఏడ్చింది. షెడ్డులో వాడు చేత్తో తింటూ, చొక్కా మీద దాల్చా పోసుకుంటూ, పక్కవాళ్ళకి చెయ్యి చూపించి ఇంకా అదే మాట చెబుతున్నాడు.

వాడు ఇప్పటికీ మెల్‌బోర్న్‌లోనే ఉన్నాడు. పుస్తకాల పండగలకి వస్తాడు, పొట్టి చేతుల చొక్కా వేసుకుంటాడు. మీలో ఎవరికైనా కనబడితే దయచేసి అర్థం చెప్పకండి. నమస్కారం పెట్టి, ఆ చేతి మీద ఏముందో అడగండి. సంతోషంగా చెబుతాడు.